పేర్లన్నీ చదవమన్న మేడమ్

మంగళవారం పొద్దున ఖమ్మంలో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే మేడమ్ వాళ్లాయన ఫోన్ చేశారు. ఆయన నాకెప్పుడూ ఫోన్ చేసేవారు కాదు. ఏదైనా ఉంటే మేడమే చేసేవారు. స్క్రీన్ మీద ఆయన పేరు చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. అయినా ఎత్తాను. "పొయ్యింది బిడ్డా, పొద్దుగాల ఆరింటికి" అని ఆగిపోయారు. అవతల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. చివరికి ఆయనే, "మెల్లగ రా, జల్దీ ఏం లేదు ఇంక" అన్నారు.

ఆమె మీలో చాలామందికి తెలియదు. పాల్వంచలో ఒక జిరాక్స్ దుకాణం పైనున్న చిన్న గదిలో ఏళ్ల తరబడి కంప్యూటర్ నేర్పారు. అంతకుముందు అదే గదిలో టైపు నేర్పేవారు. టైపు మిషన్ల కాలం పోయాక వాటిని అమ్మేసి, నలభై ఏళ్లు దాటిన వయసులో తానే ఒక కంప్యూటర్ ముందు కూర్చొని, పాత పుస్తకాలు పక్కన పెట్టుకొని నేర్చుకున్నారు. తను మొదట చేసిన వెబ్ పేజీ వాళ్ల చర్చిలో ఆదివారం పాడే పాటల జాబితా అని చెప్పేవారు. "పాటలన్నీ చర్చి పేరు మీదికెక్కి కూసున్నయ్. ఎందుకెక్కినయో తెల్వక వారం రోజులు ఏడ్చిన" అనేవారు. ఆ వారం గురించి చెప్పడానికి ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు.

నేను అడవి అంచున ఉన్న పల్లె నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆ బస్సుకు వేళంటూ లేదు. నేను చెమటలు కక్కుతూ గదిలో అడుగుపెట్టేసరికి మిగతావాళ్లు సగం పాఠం దాటి ఉండాల్సింది. కానీ మేడమ్ ఏదో ఒక వంకతో పాఠం ఆపి ఉంచేవారు. ఒకరోజు బోర్డు తుడుస్తూ, ఇంకోరోజు మార్కర్ పనిచేయడం లేదంటూ. అది నా కోసమేనని రెండు నెలల తర్వాత ఒక తోటి అమ్మాయి చెబితే గాని నాకు తెలియలేదు.

మా కీబోర్డు మీద ఆమె చెయ్యి వేసేవారు కాదు. మేం ఎంత తంటాలు పడుతున్నా రెండు చేతులూ వెనక్కి కట్టుకొని కుర్చీ వెనక నిలబడేవారు. "మీరే సరిచేయండి మేడమ్" అని బతిమాలితే, "నా చెయ్యి నేర్చుకుంటే నీకేం లాభం?" అనేవారు. ఆమె టీ గ్లాసు ఎప్పుడూ కిటికీలో మీగడ కట్టి ఉండేది. తాగడం గుర్తొచ్చేసరికి చల్లారిపోయేది. అదే తాగేవారు.

నేను రాసిన మొదటి ప్రోగ్రాం మా మండలంలోని ఊళ్ల పేర్లు వరసగా చూపించేది. లూప్ రాశాను. అంటే ఒకే పనిని ఒక్కో పేరుకూ తిరిగి తిరిగి చేయించడం. పేర్లన్నీ వచ్చాయి గానీ, "మా ఊళ్లు" అన్న శీర్షిక కింద రావాల్సినవి దాని పైకెక్కి కూర్చున్నాయి. మేడమ్ కళ్లద్దాలు పైకి నెట్టుకొని చూసి, "చెప్పులు నెత్తి మీద పెట్టుకున్నవ్ బిడ్డా" అన్నారు. అందరూ నవ్వారు. నా ముఖం చూసి, ఆమె పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నారు.

"మీ ఊర్ల ఇప్పపువ్వు ఏరుతరా?"

"ఏరుతం మేడమ్. మా అమ్మ పోతది."

"ఒక్కో పువ్వు దొరకంగనే ఇంటికి ఉరుకుతదా మీ అమ్మ?"

"లేదు మేడమ్. గంపల ఏస్తది. నిండినంక తెస్తది."

"మరి నువ్వేం చేసినవ్? ఒక్కో పేరు దొరకంగనే ఉన్నకాడికే పారబోసినవ్. పేజీకి ఎక్కడ పెట్టాల్నో ఎట్ల తెలుస్తది? ముందుగాల ఒక ఖాళీ గంప పెట్టుకో. తిరిగినప్పుడల్లా ఒక పేరు అండ్ల వెయ్యి. మొత్తం అయినంక గంపను గంపలెక్క తెచ్చి అడిగినకాడ ఇయ్యి."

ఆ గంప పేరు స్ట్రింగ్. అక్షరాల దండ అనుకోండి. లూప్ మొదలయ్యే ముందు ఖాళీ దండ ఒకటి పెట్టుకోవాలి. తిరిగిన ప్రతిసారీ కొత్త పేరును ఉన్నదాని చివర చేర్చాలి. మేం నేర్చుకున్న ప్రోగ్రామింగ్ భాషలో అలా చేర్చడానికి ఈక్వల్ గుర్తు ముందు ఒక చుక్క పెట్టాలి. చుక్క పెడితే పాతదానికి కొత్తది కలుస్తుంది. చుక్క మరిచిపోతే పాతది పోయి కొత్తదే మిగులుతుంది. కంప్యూటర్‌కు రెండూ ఒప్పే. ఏ తప్పూ చూపించదు. మేడమ్ బోర్డు మీద ఆ చుక్కను గోళీకాయంత చేసి పెట్టారు. "ఇది మరిస్తే అందరు పోయి ఆఖరోడు ఒక్కడే ఉంటడు. చూసుకోండ్రి" అన్నారు. రాసుకున్నాను. పరీక్షలో కూడా సరిగ్గానే రాశాను.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర నది పక్కనున్న ఊళ్లను ఖాళీ చేయించి, జనాన్ని బడుల్లోకి, ఫంక్షన్ హాళ్లలోకి తరలించారు. బయట ఊళ్లలో పనిచేసుకునేవాళ్లకు తమవాళ్లు ఎక్కడున్నారో తెలియడం లేదు. ఒకరి ఫోన్ తడిసింది, ఒకరి ఫోన్లో చార్జింగ్ లేదు. మా పాత విద్యార్థులం కొందరం కలిసి ఒక పేజీ పెట్టాలనుకున్నాం. ఒక్కో శిబిరంలో ఉన్న కుర్రాళ్లు పేర్లు రాసి ఫొటో పంపుతారు. మేం ఎక్కిస్తాం. శిబిరం పేరు నొక్కితే అక్కడున్నవాళ్ల పేర్లు కనిపిస్తాయి. రాసే పని నేను తీసుకున్నాను. అప్పటికి ఉద్యోగం లేదు, చేతిలో పని ఉందన్న ఉత్సాహం. గంటన్నరలో రాశాను. ఒక పేరు ఎక్కించి చూశాను. కనిపించింది. కింద నా నంబరు పెట్టి అందరికీ పంపించాను.

నేను చుక్క పెట్టలేదు. ఒక్క పేరుతో చూసినప్పుడు ఆ తప్పు కనపడదు.

మరునాడు పొద్దున్నే ఒకతను ఫోన్ చేశాడు. ఖమ్మంలో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు. వాళ్లమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటుంది. "మా ఊరోళ్లను పెట్టిన బడి నొక్కి చూసిన మేడమ్. ఒకటే పేరుంది. మా అమ్మ పేరు లేదు. ఇంకోసారి చూడుండ్రి" అన్నాడు. నా వయసువాడే, నన్ను మేడమ్ అన్నాడు. పేర్లు దాచిన అసలు జాబితా నా కంప్యూటర్లోనే ఇంకో విండోలో తెరిచి ఉంది. అది చూడలేదు. అతను చూసిన పేజీనే మళ్లీ చూశాను. "లేదన్నా, మా దగ్గరున్నది ఇంతే" అన్నాను. అతను "అవ్, సరే మేడమ్" అని పెట్టేశాడు.

నా జీవితంలో నేనన్న మాటలన్నిట్లోనూ వెనక్కి తీసుకోవాలనిపించేది అదే.

మధ్యాహ్నం మేడమ్ ఫోన్ చేశారు. గొంతులో కంగారు లేదు. "బిడ్డా, గంత పెద్ద బడిల ఒక్క మనిషే ఉన్నదా?" అని మాత్రం అడిగారు. కోడ్ తెరిచాను. చుక్క పెట్టాను. పేజీ మళ్లీ తెరిచాను. పేర్లు వరసకట్టి దిగాయి, ఆ బడి నిండా. అతని తల్లి పేరు నాలుగోది. ముందురోజు సాయంత్రం నుంచీ మా దగ్గరే ఉంది.

అతనికి ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. ఎన్నిసార్లు చేశానో తెలియదు.

అతను నా మాట విన్న వెంటనే బండి తీసుకొని బయలుదేరాడట. మెయిన్ రోడ్డు మునిగిందని అడవి దారి పట్టాడు. ఒక వాగు రోడ్డు మీద పారుతుంటే దాటబోయాడు. బండి జారి అతని కాలు మీద పడింది. అవతల ఆగి ఉన్నవాళ్లు తాడు వేసి లాగారు. అతన్ని కొత్తగూడెం దవాఖానాకు తెచ్చారని, కాలు రెండుచోట్ల విరిగిందని మాకు సాయంత్రానికి తెలిసింది.

మేడమ్ మరునాడు పొద్దున బస్టాండుకు రమ్మన్నారు. ఎక్కడికని నేను అడగలేదు. బస్సులో పాల్వంచ నుంచి కొత్తగూడెం దాకా ఆమె ఎవరెవరికో ఫోన్ చేస్తూనే ఉన్నారు. నేను కిటికీ వైపు ముఖం పెట్టి ఏడ్చాను. ఆమె నన్ను ఆపలేదు, ఓదార్చలేదు.

వార్డులో అతని మంచం కిటికీ పక్కన ఉంది. కాలికి కట్టు కట్టి ఎత్తులో పెట్టారు. మేడమ్ మంచం దగ్గర నిలబడి, చేతులు వెనక్కి కాదు, ముందుకు కట్టుకొని చెప్పారు.

"అయ్యా, పేర్ల పేజీ మేం పెట్టినం. అండ్ల తప్పున్నది. మీ అమ్మ పేరు మొదటిరోజు నుంచే మా దగ్గరున్నది. మీకు కనపడకుండ చేసింది మేమే. ఈ పిల్లకు నేర్పింది నేను. పేజీ పెట్టినంక ఒకసారి చూడాల్సింది నేను. చూడలే."

అతను ఆమెను చూశాడు. నన్ను చూశాడు. నేను నేల చూపులు చూశాను. "మా అమ్మ అన్నం తిన్నదా?" అని అడిగాడు.

మేడమ్ బస్సులో చేసిన ఫోన్లన్నీ దానికే. శిబిరంలో ఉన్న ఒకాయన ఫోన్ పట్టుకొని ఆ ముసలమ్మ పక్కనే కూర్చొని ఉన్నాడు. మేడమ్ కలిపి, ఫోన్ అతని చెవి దగ్గర పెట్టారు. అవతలి గొంతు మాకూ వినపడింది. "నువ్వెందుకు బయలెల్లినవ్ రా? నేనీడ మంచిగనే ఉన్న. నిన్నెవలు రమ్మన్నరు?" ఆ తల్లికి ఇంకా కాలు సంగతి తెలియదు. అతను చెప్పలేదు. "ఊకెనే అమ్మా. చూద్దామని" అన్నాడు. కళ్లు మాత్రం తుడుచుకోలేదు, కారనిచ్చాడు.

మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. తిరుగు బస్సులో మేడమ్, "తిడితే మంచిగుండు" అన్నారు.

"నేనింక ఈ పని చెయ్యను మేడమ్."

"మానేస్తే ఆ కాలు అతుకుతదా?"

కొత్తగూడెం దాటి కొంతదూరం వచ్చాక ఆమే మళ్లీ అన్నారు. "లూప్ తిరిగింది అంటే పని అయినట్టు కాదు బిడ్డా. పేజీ తెరిచి, నీ మనిషి కోసం ఎతుకుతున్నట్టు చదవాలె. మొదటి పేరు కాంచి ఆఖరు పేరు దాక."

నీళ్లు తగ్గేదాకా, మూడు రోజులు, మేం అదే చేశాం. నేను పేజీలో చదివేదాన్ని, ఆమె కాగితం మీద టిక్కు పెట్టేవారు. ఇంటి పేర్లతో సహా, పిల్లల పేర్లతో సహా. గొంతు బొంగురుపోయింది. ఆ గదిలో కిటికీ బయట వాన కురుస్తూనే ఉంది. ఆ మూడు రోజుల్లో ఆ పేజీ చూసి తమవాళ్లను కలుసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారట, ఫోన్ చేసి చెప్పారు. ఆ సంతోషం నాలోకి దిగలేదు. ఇప్పటికీ దిగదు.

తర్వాత నాకు ఖమ్మంలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల కింద కొత్తగూడెం బస్టాండులో అతన్ని చూశాను. తల్లిని కాబోలు, చేయి పట్టుకొని బస్సెక్కిస్తున్నాడు. కుంటుతున్నాడు. నేను పండ్ల బండి వెనక్కి వెళ్లి నిలబడ్డాను, ఆ బస్సు కదిలేదాకా. ఆ సాయంత్రం మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"పలకరించకపోయినవా?"

"ధైర్యం చాలలేదు మేడమ్."

"అవ్" అన్నారు. "నాకూ చాలలే. రెండుసార్లు వాళ్ల ఊరికని బస్సెక్కి, నడుమల్నే దిగి ఇంటికొచ్చిన" అన్నారు. నాకు ఆమె మీద అంత ప్రేమ కలిగిన క్షణం ఇంకొకటి లేదు.

ఈ వేసవిలో ఆమెకు కామెర్లన్నారు. మందులు వాడారు. తగ్గలేదు. హైదరాబాదు తీసుకెళ్తే కడుపు లోపల, చెయ్యి పెట్టడానికి వీల్లేని చోట గడ్డ ఉందన్నారు. ఆలస్యమైందన్నారు. డాక్టర్లు ఆ మాట మెల్లగా, మర్యాదగానే చెప్పారట. నేను రోజూ ఆఫీసులో పని వదిలేసి ఆ జబ్బు గురించి చదివేదాన్ని. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి. ఎక్కడో ఒకచోట మేం చూడనిది, మేం మరిచినది ఒకటి దొరుకుతుందని. ఒక ఆదివారం ఆ సంగతి ఆమెకు చెప్పేశాను. ఆమె నవ్వారు. బాగా చిక్కిపోయారు, నవ్వితే పళ్లే కనపడుతున్నాయి. "ఇది నువ్వు రాసింది కాదు బిడ్డా. ఇంక చదవకు" అన్నారు.

ఆ ఆదివారాలు నేను చేసిన పని వాంతి వస్తే గిన్నె పట్టుకోవడం, పాదాలు ఒత్తడం. నొప్పి వచ్చినప్పుడు ఆమె దుప్పటి అంచు పట్టుకొని కళ్లు మూసుకునేవారు. అరిచేవారు కాదు. నేను ఎదురుగా కూర్చొని చూసేదాన్ని. చూడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

విషయం తెలిసి పాత విద్యార్థుల గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. రోజంతా ఆమె ఫోన్ మోగుతూనే ఉండేది. కానీ ఆమె ఫోన్ పట్టుకోలేకపోయేవారు. అక్షరాలు చిన్నవి. పైకి జరిపేలోపు కొత్తవి వచ్చి పాతవి ఎక్కడికో పోయేవి. "ఎవలెవలు ఏం రాసిండ్రో చూడాలని ఉన్నదట. చూడలేకపోతున్నది" అని ఒకరోజు వాళ్లాయన నాతో అన్నారు.

అది నాకు చేతనైన పని. ఆ మాట వినగానే ఒంట్లోకి బలం వచ్చినట్టయింది. గ్రూపులోని మెసేజీలన్నీ దించుకొని, ఒక్కొక్కటి తీసి, పేరుతో సహా ఒకే దండలో చేర్చి, మొత్తాన్ని పెద్ద అక్షరాల్లో ఒక్క పేజీగా ఇచ్చే ప్రోగ్రాం రాశాను. అర్ధగంట పట్టింది. చుక్క పెట్టాను. అది బుధవారం. అప్పుడే ముద్రించి పాల్వంచ బస్సెక్కి ఉంటే ఆమె చదివేవారు. కానీ నేను ఆమె చెప్పినట్టు చేశాను. ఆఫీసు అయ్యాక రాత్రుళ్లు కూర్చొని మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా అసలుతో పోల్చి చూశాను. ఇద్దరి మెసేజీలు ఒకరి పేరు కిందే కలిసిపోయాయి, విడదీశాను. ఒకామె పెట్టిన పూల బొమ్మ దగ్గర అక్షరాలు చెడిపోయాయి, సరిచేశాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. శనివారం పొద్దున కాగితాలు తీసుకొని వెళ్లాను.

అంతకు ముందురోజే, శుక్రవారం, నొప్పి ఎక్కువై మత్తు సూది మొదలుపెట్టారు. నేను వెళ్లేసరికి ఆమె కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు.

వాళ్లాయన నా చేతిలో కాగితాలు చూసి కుర్చీ జరిపారు. "చదువు. ఇంటదేమో" అన్నారు.

చదివాను. టైపు నేర్చుకున్న రోజులవాళ్ల నుంచి మొన్నటి పిల్లల దాకా. ఒకామె కల్లూరులో దరఖాస్తులు నింపే దుకాణం నడుపుతోంది. ఒకతను కరెంటు స్టేషన్ ఆఫీసులో ఉన్నాడు. "మీరు నా కీబోర్డు ముట్టుకోలేదు మేడమ్, అప్పుడు మీ మీద కోపముండే" అని ఒకతను రాశాడు. ఒకమ్మాయి ఇంకేమీ రాయకుండా తన పేరు, తను చదివిన సంవత్సరం మాత్రం రాసి పంపింది. అన్నీ చదివాను, ఇంటి పేర్లతో సహా. మధ్యలో ఒకసారి ఆమె పెదవులు కదిలాయి. వాళ్లాయన వంగి చెవి పెట్టారు. చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. తర్వాత లేచి, నాకు తల అడ్డంగా ఊపారు. నేను తర్వాతి పేరు చదివాను.

ఆమె విన్నారో లేదో నాకు తెలియదు. తొందరపడి ఒకరి కాలు విరగ్గొట్టాను. ఈసారి తొందరపడలేదు, ఆలస్యమైంది. ఎవరైనా అడిగితే రెండిట్లో ఏది నయమో చెప్పలేను. అడగాల్సిన మనిషి ఆమె ఒక్కరే.

పోయిన మర్నాడు, బుధవారం, ఆమెను సమాధి చేశారు. చర్చి నుంచి సమాధుల తోట దాకా పెట్టెను బండి మీద పెట్టి నడిపించుకుంటూ వెళ్లాం. పాటలు పాడేవాళ్లు ముందు, మేం వెనక. పెద్ద రోడ్డు మీదికి రాగానే కరెంటు స్టేషన్‌లో డ్యూటీ దిగినవాళ్లను తీసుకెళ్లే బస్సు ఒకటి మా వెనక వచ్చి ఆగింది. దాటిపోవడానికి పక్కన చోటుంది. డ్రైవర్ దాటలేదు. హారన్ కొట్టలేదు. ఇంజను ఆపేశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. లోపల అందరూ హెల్మెట్లు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. వాళ్లలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. కిటికీ పక్కనున్న ఒకతను సగం ఒలిచిన అరటిపండు చేతిలో పట్టుకొని పెట్టె వైపే చూస్తున్నాడు. మేం మలుపు తిరిగేదాకా అతను దాన్ని నోట్లో పెట్టుకోలేదు.